ఫిరంగుల కోటలో పాట నిలవాలి

జమ్మలమడుగు: కోట ఉంది. కోటలో ఊరుంది. ఊరి పక్కన లోయ ఉంది. లోయలో పెన్న ఉంది. లేనిదల్లా ఒక్కటే. పొద్దు గూకిన తర్వాత ఆ కోటలో మనిషి గొంతు లేదు.

గండికోటకు ఆదివారం పూట వెళ్ళి చూడండి. బెంగుళూరు కార్లు, హైదరాబాదు కార్లు, మన ప్రొద్దుటూరు, కడప మోటారు సైకిళ్ళు వరసగా నిలిచి ఉంటాయి. వచ్చినవారు వచ్చినట్టే లోయ అంచుకు పరుగెత్తుతారు. ఎర్రటి రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతారు. సూర్యుడు దిగాక వారూ దిగిపోతారు. మాధవరాయని గోపురం చీకట్లో కలిసిపోతుంది. జామియా మసీదు మినార్ల మీద గబ్బిలాలు తిరుగుతాయి. ధాన్యాగారం గుమ్మంలోకి తొంగి చూసేవారుండరు.

ఇంతటి కోటను చూసి పోవడానికేనా, వాడుకోవడానికి కూడానా? ఈ ప్రశ్న ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. కానీ ఇప్పుడు జవాబు చెప్పక తప్పని రోజు వచ్చింది. ఎందుకంటే గండికోటకు డబ్బు వస్తోంది. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం పర్యాటక అభివృద్ధి కోసం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంతకు ముందు, 2023 జూలైలో, పెద్ద హోటలుకు శంకుస్థాపన జరిగింది. డబ్బు వచ్చే వేళ ఏం కట్టాలన్న మాట అందరూ అడుగుతారు. ఎవరి కోసం అన్న మాట అడిగేవారు తక్కువ. ఆ రెండో మాట అడగడానికే ఈ వ్యాసం.

కోట పుట్టిన కథ

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారిన చోట గండి పడింది. గండి పక్కన కోట కనుక గండికోట అయింది. 1123లో కాకరాజు అనే సామంతుడు మొదట కోట కట్టాడని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత పెమ్మసాని నాయకులు విజయనగర రాజులకు అండగా ఉండి తరతరాలు ఇక్కడి నుంచి ఏలారు. శ్రీకృష్ణదేవరాయల యుద్ధాలలో పెమ్మసాని రామలింగ నాయుడి పేరు వినని రాయలసీమ వాసి ఉండడు.

ఒక వైపు లోయే అగడ్త. ఇంకే రాజూ తవ్వించలేనంత లోతు. మిగతా వైపుల రాతి గోడ, బురుజులు. పెద్ద వాకిలి తలుపులకు ఇనుప మేకులు బిగించారు. ఏనుగు వచ్చి తలతో కుమ్మినా తలుపు విరగకూడదని ఆ ఏర్పాటు. లోపల చెరువు, కోనేరు, గుడి, మసీదు, గాదె, చెరసాల. శత్రువు బయట నెలల తరబడి కూర్చున్నా లోపలి జనం బతకాలన్నది ఆనాటి లెక్క. అంటే కోట ఒట్టి యుద్ధానికే కాదు, జనం బతకడానికి కూడా కట్టిందే. ఈ మాట పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు అవసరం పడుతుంది.

విగ్రహాల నుంచి ఫిరంగులు

1650 ప్రాంతాల గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. చూసిందీ విన్నదీ తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కోటకు చేరే దారి ఎంత ఇరుకో రాశాడు. మీర్ జుమ్లా కాలివేళ్ళ సందున, చేతివేళ్ళ సందున ఉత్తరాలు ఇరికించుకొని కూర్చుని జవాబులు చెప్పేవాడని కూడా రాశాడు.

ఆ రాతల్లో మనసును పట్టి లాగే ముచ్చట ఇంకొకటి ఉంది. మీర్ జుమ్లా కొలువులో క్లోద్ మాయే అనే ఫ్రెంచి పనివాడు ఉండేవాడు. ఫిరంగులు పోతపోయడం అతనికి అప్పగించిన పని. లోహం కోసం మీర్ జుమ్లా గుళ్ళలోని విగ్రహాలను తెప్పించాడు. అన్నీ కరిగాయి కానీ గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని టావెర్నియే రాశాడు. చివరకు మాయే చేతిలో ఒక్క ఫిరంగీ సరిగా కుదరలేదట.

కరగకపోవడం మహిమా, కొలిమిలో లోపమా అన్నది ఎవరి నమ్మకం వారిది. కానీ ఆలోచించండి. జనం మొక్కే బొమ్మను జనాన్ని చంపే గొట్టంగా మార్చాలని చూసిన కోట ఇది. ఇప్పుడు మనం అడుగుతున్నది అటునుంచి ఇటు. చంపడానికి కట్టిన గోడల మధ్య జనం పాడుకోవడానికి చోటు.

యుద్ధం పోయింది, కోట మిగిలింది

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అప్పటిదే. ఆ తర్వాత ఈ కోటలకు పని లేకుండా పోయింది. పని లేని కోటలో కంపచెట్లు మొలిచాయి. రాళ్ళు ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి. గుప్తనిధుల కోసం తవ్వేవారు నేలను గుంతలు చేశారు. గండికోట ధాన్యాగారం కొంత కాలం ప్రయాణికుల బసగా ఉపయోగపడింది. గింజలు దాచిన గదిలో మనుషులు పడుకున్నారు. వాడుకలో ఉన్న కట్టడానికి దీపం పెట్టేవారుంటారు, ఊడ్చేవారుంటారు. వాడని కట్టడాన్ని పలకరించేది గబ్బిలమే.

తెలుగునాట మిగతా కోటలు కొన్ని ఇలాగే కొత్త పనులు చూసుకున్నాయి. 1713లో పునాది పడిన విజయనగరం కోటలో కాలేజీలు నడుస్తున్నాయి. గద్వాల కోటలోనూ కాలేజీ ఉంది, చెన్నకేశవుని గుడీ ఉంది. సిపాయిలు నిలిచిన చోట పిల్లలు పుస్తకాలు పట్టుకొని నడుస్తున్నారు. మన పొరుగున చంద్రగిరిలో రాజమహలు పురావస్తు ప్రదర్శనశాల అయింది. గోల్కొండలో చీకటి పడ్డాక వెలుగు, ధ్వనులతో చరిత్ర చెబుతారు. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వ స్వాతంత్ర్య దినోత్సవం అక్కడే జరుగుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆషాఢంలో హైదరాబాదు బోనాలు మొదలయ్యేది గోల్కొండ కోటలోని అమ్మవారి దగ్గరే. దానికి ఎవరూ టెండరు పిలవలేదు. జనం తలమీద బోనం పెట్టుకొని నడిచి వస్తారు, అంతే. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను వారసులే బాగు చేయించుకోగా 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

కాబట్టి కోటను కళకు, చదువుకు, పండుగకు వాడుకోవడం కొత్త పిచ్చి కాదు. చేయగలమా అన్నది ప్రశ్న కాదు. ఎలా చేస్తాం అన్నదే ప్రశ్న.

రెండు రోజుల సంబరం

గండికోటలోనూ గడచిన పదేళ్ళలో కొన్నిసార్లు ఉత్సవాలు జరిగాయి. రంగుల దీపాలు వేశారు. వేదిక కట్టారు. జనం విరగబడి వచ్చారు. తిరునాళ్ళను మరపించింది. తప్పేమీ లేదు. ఏడాదికొకసారి దీపం వెలిగినా చీకటి కన్నా మేలే.

కానీ కోటల్లో జరిగే ఉత్సవాలన్నిటికీ ఒక జబ్బు ఉంది. అది ఈ విలేకరి స్వయంగా చూశాడు. ఏ కోట, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ అనవసరం. ఈ విలేకరి మేనమామ చెక్కభజన గురువు. నలభై ఏళ్ళుగా ఊరి రచ్చబండ దగ్గర రాత్రిపూట పిల్లలకు అడుగు నేర్పుతున్నాడు. ఒక కోట ఉత్సవానికి రమ్మని కబురు వస్తే పదహారు మంది పిల్లలతో ట్రాక్టరులో వెళ్ళాడు. కాళ్ళకు గజ్జెలు కట్టుకొని సాయంత్రం ఐదింటి నుంచి వేదిక వెనక కూర్చున్నారు. ముందు ఉపన్యాసాలు. తర్వాత సన్మానాలు. ఆ తర్వాత పట్నం నుంచి వచ్చిన సినిమా పాటల బృందం. రాత్రి పదిన్నరకు వీరి పేరు పిలిచారు. ఐదు నిమిషాల్లో ముగించమన్నారు. ఒక్క పాట సగంలో ఉండగా మైకు ఆగిపోయింది.

మామ ఒక్క మాటా అనలేదు. పిల్లల కాళ్ళ గజ్జెలు తానే విప్పి సంచిలో వేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరులో ఎవరూ మాట్లాడలేదు. ఆ పదహారు మందిలో మరుసటి ఏడాది రచ్చబండ దగ్గరికి వచ్చినవారు తొమ్మిది మంది. మిగిలినవారు మానేశారు.

ఒక ఉత్సవం కళను పెంచనూ గలదు, తుంచనూ గలదు. ఐదు నిమిషాల లెక్కలో అది తేలిపోతుంది.

జోధ్‌పూర్‌లో ఏం చేశారు?

రాజస్థాన్‌లో జోధ్‌పూర్ నగరం నెత్తిన మెహ్రాన్‌గఢ్ కోట ఉంది. 1459లో పునాది వేశారు. రాజరికాలు పోయాక దాని గతీ మన కోటల గతే అయ్యేది. 1972లో ఆ రాజవంశం వారసుడు ఒక ట్రస్టు ఏర్పాటు చేసి కోటను ప్రదర్శనశాలగా మార్చాడు. వచ్చిన ఆదాయంతో గోడలు, మహళ్ళు బాగు చేసుకుంటూ వచ్చారు. 2007 నుంచి శరత్పూర్ణిమ వెన్నెల రోజుల్లో అక్కడ జానపద సంగీతోత్సవం జరుగుతోంది. లంగాలు, మాంగణియార్లు అనే ఎడారి గాయకులు అందులో పాడతారు. తరతరాలుగా పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు ఆసాముల ఇళ్ళ ముందు పాడి పొట్టపోసుకున్నవారు వారు. ఇవాళ దేశదేశాల గాయకుల పక్కన అదే వేదిక మీద కూర్చుంటారు.

అక్కడ కిటుకు ఒక్కటే. ఆ నేల మీద పుట్టిన పాటనే ముందు పెట్టారు. బయటివారు దాన్ని వినడానికే వస్తున్నారు. బెంగుళూరు మనిషి సినిమా పాట వినడానికి గండికోట దాకా రానక్కరలేదు. అది అతని చేతిలోని ఫోనులోనే ఉంది.

మనకు లేనిదేమిటి?

మన జిల్లాకు పాట కరువా? తాళ్ళపాక అన్నమయ్య పుట్టిన నేల ఇది. నాటకం కరువా? తెలుగు నాటకరంగానికి కుటుంబాలకు కుటుంబాలనే ఇచ్చిన సురభి మన కడప జిల్లా పల్లెటూరే. 1885లో అక్కడ కీచక వధ ఆడారు. అక్కడి నుంచి బయల్దేరిన నాటక సమాజాలు ఊరూరా డేరాలు వేసుకొని తిరిగాయి. మాయాబజారులో గాలిలో తేలే లడ్డూలు చూసి నోరు తెరవని పల్లె లేదు. ఆ సురభివారు సొంత జిల్లాలో, గండికోట గోడల ముందు, ఏటా ఒక నెల నాటకాలు ఆడితే ఎలా ఉంటుంది?

చెక్కభజన, కోలాటం, పండరిభజన ఊరూరా ఉన్నాయి. పక్క అనంతపురం సీమలో ఉరుములు ఉన్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మలు ఉన్నాయి. పీర్ల పండుగకు కులమతాలు లేకుండా గుండం చుట్టూ అలాయి తొక్కే రాయలసీమ మనది. గండికోటలో ఒకే చూపులో గోపురమూ కనిపిస్తుంది, మినారూ కనిపిస్తుంది. ఈ రెండింటికీ న్యాయం చేసే పాట మన జనం దగ్గరే ఉంది. వెతుక్కుంటూ పట్నం పోనక్కరలేదు.

చట్టం ఏమంటుంది?

కోట మనదే కదా, మైకు పెట్టి వాయించుకుందాం అంటే కుదరదు. గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టం, 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో సభలు, విందులు, వినోదాలు జరపాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆనవాయితీగా వస్తున్న మతాచారాలకు మాత్రం ఈ నిషేధం వర్తించదు. 2010లో చట్టాన్ని సవరించారు. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్లు అనుమతితోనే.

ఈ కట్టుబాట్లు ఊరికే పెట్టలేదు. పాత రాయికి మేకు దిగితే ఆ చోట పగులు మొదలవుతుంది. ఆనాటి గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం తేమను పీల్చుతుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని రాయిని తినేస్తుంది. పైకి మరమ్మతు చేసినట్టే ఉంటుంది, లోపల పుండు పెరుగుతుంది. పెద్ద పెద్ద సౌండు బాక్సులు గోడకు ఆనించి మోగిస్తే వదులైన రాళ్ళు అదురుతాయి. అందుకే వేదిక గోడలకు దూరంగా, ఖాళీ నేల మీద, విప్పి తీసేసేలా ఉండాలి. మన జానపద కళలకు అసలు అంత మోత అక్కరలేదు. చెక్కల చప్పుడు, గజ్జెల చప్పుడు వెన్నెల్లో చాలినంత దూరం వినిపిస్తాయి.

ఊరి గుండెలో భయం

అసలు సంగతి ఇక్కడుంది. గండికోట ఖాళీ కోట కాదు. లోపల ఊరుంది. చార్మినార్ అని పిలుచుకునే చిన్న కట్టడం పక్క నుంచి గొర్రెలు ఇళ్ళకు పోతాయి. పిల్లలు గోడల నీడన ఆడుకుంటారు. రక్షిత కట్టడాల దగ్గర ఇల్లున్నవాడికి కప్పు కారినా మరమ్మతుకు అనుమతి తెచ్చుకోవాలి. కొడుక్కి పెళ్ళయిందని ఒక గది వేసుకోవాలన్నా సమస్యే. కోట వల్ల కష్టం ఆ ఊరిదే. కోట వల్ల వచ్చే లాభంలో ఆ ఊరి వాటా ఎంత?

కొందరు గుడారాలు వేసి పర్యాటకులకు బస ఇస్తున్నారు, కొందరు టీ, టిఫిను అమ్ముతున్నారు. నాలుగు రూపాయలు కళ్ళజూస్తున్నారు. పెద్ద హోటళ్ళు వచ్చాక ఈ చిన్న బతుకులు ఏమవుతాయన్న ప్రశ్న సహజం.

హంపీలో జరిగింది మరచిపోరాదు. విరూపాక్షుని గుడి ముందరి పాత బజారు మంటపాల్లో జనం తరాలుగా కాపురం ఉండి అంగళ్ళు నడిపారు. 2011 జూలైలో అధికారులు యంత్రాలతో ఆ ఇళ్ళను, అంగళ్ళను కూల్చారు. వందలాది కుటుంబాలు చెదిరిపోయాయి. కట్టడాలను ఆక్రమణల నుంచి కాపాడామని అధికారులు అన్నారు. మంటపాలు ఖాళీ అయిన మాట నిజం. బజారులో బజారు లేకుండా పోయిన మాట కూడా నిజం.

గండికోటను కట్టినవారి లెక్క మొదట్లో చెప్పుకున్నాం. లోపలి జనం బతకాలన్నది ఆ లెక్క. వెయ్యేళ్ళకు దగ్గరవుతున్న ఆ లెక్కను మనం తప్పరాదు. జనాన్ని బయటికి పంపి రాళ్ళకు రంగుల దీపాలు వేస్తే అది ఉత్సవం కాదు, ఖాళీ ఇంటికి తోరణం కట్టినట్టు.

ఇలా చేయవచ్చు

పెద్ద ఖర్చు లేని పనులే ఇవి. ఏడాదికి రెండు రోజుల సంబరం బదులు నెలకొక పౌర్ణమి రాత్రి ఒక కార్యక్రమం పెట్టాలి. ఒక నెల చెక్కభజన, ఒక నెల తోలుబొమ్మలాట, ఒక నెల హరికథ, ఒక నెల పద్యనాటకం. ప్రతి బృందానికి గంటకు తక్కువ కాకుండా సమయం ఇవ్వాలి. పారితోషికం ఆ రాత్రే చేతికి ఇవ్వాలి. ఉపన్యాసాలు ఆట ముగిశాకే.

కోట కథ చెప్పే పని ఊరి చదువుకున్న పిల్లలకు నేర్పాలి. వాళ్ళ నోట కాకరాజు కథ, పెమ్మసాని వారి కథ, కరగని విగ్రహాల కథ వినాలి. బండ్లు నిలిపే స్థలం, అంగళ్ళు, బస, ఊడ్పు పని ఊరి మహిళా సంఘాలకు మొదట ఇవ్వాలి. వచ్చిన డబ్బులో కొంత డంగు సున్నం మరమ్మతులకని విడిగా ఉంచాలి. లోయ అంచున చీకటి వేళ ఎవరూ పోకుండా కాపలా ఉండాలి. తాగునీరు, మరుగుదొడ్లు ముందు, వేదిక తర్వాత. పురావస్తు శాఖ, పర్యాటక శాఖ, గ్రామ పంచాయతీ ఒకే బల్ల ముందు కూర్చుని, ఏ చోట ఏం చేయవచ్చో, ఏం చేయరాదో గీత గీసి, ఆ పటాన్ని ఊరి రచ్చబండ దగ్గర అంటించాలి. ఆ గీత ఊరివారికి తెలియకుండా గీయరాదు.

ఇవేమీ జరగకపోతే? 77.91 కోట్లు ఖర్చు కాక మానవు. దీపాలు వెలుగుతాయి. గేట్లు లేస్తాయి. ఫోటోలు అందంగా వస్తాయి. గజ్జెల సంచి మాత్రం మేనమామ ఇంటి దూలానికి వేలాడుతూనే ఉంటుంది.

మొన్న పౌర్ణమికి ఈ విలేకరి మామను వెంటబెట్టుకొని గండికోటకు వెళ్ళాడు. పర్యాటకులు వెళ్ళిపోయారు. మామ కోటంతా ఒకసారి కలయజూశాడు. ఖాళీ నేల మీద నాలుగడుగులు వేశాడు. చేతిలో చెక్కలు లేవు, కాలికి గజ్జెలు లేవు. అరచేతులతోనే తాళం వేసి ఒక చరణం ఎత్తుకున్నాడు. అటువైపు ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఒకామె, పిలవకుండానే, వంత కలిపింది. ఆమెకు ఆ పాట వచ్చు.

మైకు ఆపడానికి అక్కడ ఎవరూ లేరు. పాట చివరి దాకా సాగింది.

ఆ ముసలమ్మను, ఆ గురువును అడిగి మొదలు పెట్టండి. వేదిక ఎక్కడ వేయాలో వారే చూపిస్తారు.